మా పెరటి గాలి మోటారు గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ గాలి మోటారు గారి దివ్యసముఖానికి,

పర్లాకిమిడి పట్టణంలో తమరు కొలువున్న ఇంటి ఇల్లాలు చేసుకునే విన్నపం. రాజుల కోట ఉన్న ఊరు కదా, అర్జీకి ఆ మాత్రం ఎత్తుగడ ఉండాలి. అయితే గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు కూడా ఇదే కాబట్టి ఇక్కణ్ణుంచి మామూలు మాటల్లోనే రాస్తాను. ‘తమరు’ కూడా తీసేస్తున్నాను. గుప్పెడంత లేవు, నీకు బహువచనం దేనికి?

మా ఆయన రిటైరయ్యాక ఆక్వాపోనిక్స్ అని, చేపల తొట్టి నీళ్లతోనే మట్టి లేకుండా ఆకుకూరలు పెంచే పని మొదలుపెట్టారు, అలా పెరట్లో దిగావు నువ్వు. నీతోపాటు వెయ్యి లీటర్ల తొట్టి, అడ్డంగా కోసిన నీలం డ్రమ్ములు, వాటినిండా కంకర, పీవీసీ గొట్టాలు, ఒక నీళ్ల మోటారు వచ్చాయి. ఆ నీళ్ల మోటారు మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు, దాన్ని మధ్యమధ్యలో ఆపుతారు. నిన్ను ఆపరు. రాత్రీ పగలూ గుయ్‌మంటూ చేపలకు గాలి ఊదుతూనే ఉంటావు.

నీ సిద్ధాంతం నాకు కంఠతా వచ్చు. పెళ్లి శుభలేఖ ఇచ్చి పోదామని వచ్చినవాళ్లను కూడా ఈయన పెరట్లోకి తీసుకెళ్లి నిలబెట్టి చెప్తుంటారు, వినీ వినీ వచ్చేసింది. చేపలు విసర్జించింది అమ్మోనియాగా నీళ్లలో కలుస్తుంది. అది వాటికే విషం. కంకరకు పట్టుకున్న ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా మారుస్తాయి, అదీ విషమే. ఇంకో రకం వచ్చి దాన్ని నైట్రేటు చేస్తాయి, అది మొక్కలకు తిండి. మొక్కలు తినగా తేరిన నీళ్లు మళ్లీ చేపల దగ్గరికి. ఎరువు కొనక్కర్లేదు, నీళ్లు పారబొయ్యక్కర్లేదు, సస్టైనబుల్, చక్రం తనంతట తనే తిరుగుతుంది. ఇక్కడికొచ్చేసరికి ఈయన చేత్తో గాల్లో ఓ పెద్ద సున్నా చుడతారు. ఆ సున్నాలో ఎక్కడా నిన్ను చూపించరు. నీ ప్లగ్గు అసలే చూపించరు.

గోడవతల మావుసి ఉందే, ఒడియా ఆవిడ, ఆవిడ బాడిలో, అంటే పెరట్లో, పెంకుల మీదికి పాకిన గుమ్మడి పాదుంది. చేపలు తెచ్చుకున్న రోజు కడిగిన నీళ్లు పొలుసూ పేగులతో సహా పాదు మొదట్లో గుమ్మరించి, పైన ఇంత మట్టి కాలితో తోస్తుంది. అంతే. చేప నుంచి అమ్మోనియా, అమ్మోనియా నుంచి నైట్రేటు, నైట్రేటు నుంచి గుమ్మడికాయ, గుమ్మడికాయ నుంచి దాల్మా, అదే వాళ్ల కూరగాయల పప్పు. మట్టిలో ఉండేవీ అవే జాతి సూక్ష్మజీవులు. వాటికి ఎవరూ గాలి ఊదరు, వానపాములు చూసుకుంటాయి. మావుసి ఎవరికీ సున్నా చుట్టి చూపించదు. కాయ కోసినప్పుడు ఓ ముక్క గోడ మీంచి ఇస్తుంది, అంతవరకే.

నీకు ఇంత అధికారం ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా తెలుసుకున్నాను. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు అది 7.5కు పడిపోతుంది. చేపలకు 5 కంటే తగ్గకూడదు. మా వైశాఖంలో తొట్టి నీళ్లు ఎలా కాగుతాయో నీకు చెప్పక్కర్లేదు, నువ్వు ఊదే గాలిని బుడగలుగా వదిలే ఆ గాలి రాళ్లు మునిగి ఉండేది అందులోనే. వేడి పెరిగినకొద్దీ నీళ్లలో గాలి తగ్గుతుంది, చేపకు ఆయాసం పెరుగుతుంది, కంకరలోని సూక్ష్మజీవులూ అందులోనే వాటా అడుగుతాయి. ఎండాకాలంలో నువ్వు కాసేపు ఆగావా, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఆ నోళ్లు చూసి ఈయన నోరు తెరుస్తారు.

మా అత్తగారు ఓసారి వచ్చి చూసి, ‘ఏటే, నీళ్లలో ఉన్న చేపకి ఊపిరాడకపోడమేటి?’ అన్నారు. ఈయన డిగ్రీల లెక్క ఎత్తుకోబోయారు. ‘చెరువులో చేపకి ఎవుడు ఊదుతున్నాడ్రా?’ అని ఆవిడ లోపలికెళ్లి పడుకున్నారు. చెరువుకు వెడల్పుంది, పైన గాలి తగులుతుంది, తొట్టిలో చేపలు ఇరుకున ఉన్నాయి, అందుకే మోటారు కావాలి. ఈయన తర్వాత నాకు చెప్పుకున్న ఆ జవాబు సరైనదే. మా అత్తగారి ప్రశ్న అంతకన్నా సరైనది.

కరెంటు సంగతికొద్దాం. నువ్వు తినేది ఎక్కువేం కాదు, ఇరవై వాట్లు, రోజుకు అర యూనిట్ లోపే. బిల్లు గురించి నిన్ను ఆడిపోసుకోను. నా బాధ నీ కొలువు గురించి. గాలీవానా వచ్చి కరెంటు పోతుంది. సరిహద్దు దాటితే ఆంధ్రాలోని పాతపట్నం, అక్కడ దీపాలు వెలుగుతూనే ఉంటాయి. 1936 ఏప్రిల్ 1న గీత గీసి మమ్మల్ని ఒడిశాలో కలిపిన పెద్దలు నీ చేపల గురించి ఆలోచించినట్టు లేరు. ఈయన టార్చి పట్టుకుని పెరట్లోకి ఉరుకుతారు, గోడ మీంచి మావుసి ‘కొణొ హెలా?’ అంటుంది, ఏమయిందో చెప్పడానికి ఈయనకు తీరిక ఉండదు, చెంబుతో తొట్టి నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ ఉంటారు. అది చూడలేక మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఇన్వర్టరు పంపించాడు. పంపిన రోజు అది మా అందరికీ అనుకున్నాం. ఇప్పుడు కరెంటు పోతే ఫ్యాను తిరగదు, నువ్వు తిరుగుతావు. ఫ్యాను వేస్తే తెల్లారేదాకా బ్యాటరీ నీకు చాలదట.

పెరటి వైపు వాన తడవని ప్లగ్గు వంటింట్లో ఒక్కటే ఉంది. అది మిక్సీది. ఇప్పుడు నీది. ఎవరైనా పొరపాటున ఆపేస్తారని స్విచ్చి మీద టేపు అంటించి, ‘ముట్టరాదు’ అని తెలుగులోనూ ఒడియాలోనూ రాసిపెట్టారు. మా దేవుడి గూటికి కూడా ఇంత మడి లేదు. నేను చట్నీ రోట్లో రుబ్బుతున్నాను. రోటి పచ్చడి ఆరోగ్యమని ఆ పక్కన నిలబడి చెప్పేది కూడా ఈయనే.

పొద్దున్నే కాఫీ కంటే ముందు పరీక్ష ఉంటుంది. గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి, రెండు సీసాల్లోంచి చుక్కలు లెక్కపెట్టి వేసి, మూత పెట్టి ఊపి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తారు. పసుపు రంగు ఉంటే అమ్మోనియా లేనట్టు, ఇల్లంతా క్షేమం. ఆకుపచ్చకు తిరిగితే ప్రమాదం. ఆ పసుపు చూసిన సంబరంతో డ్రమ్ముల వైపు తిరిగేసరికి పాలకూర లేతాకులు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. అక్కడ పసుపంటే ఇనుము లోపం. గొట్టంలో పసుపుకు మురిసి, ఆకులో పసుపుకు ఏడ్చి, ఆ తర్వాత చల్లారిన కాఫీ తాగుతారు.

చేపల దాణాలో ఇనుము చాలదట, దానికో పొడి ప్యాకెట్టు. నీళ్లలో సున్నం ఎక్కువైతే ఆ పొడి వేసినా మొక్క సరిగా తీసుకోలేదట. మా బావి నీళ్లకు గిన్నెలు తెల్లగా చార కడతాయి, ముందే నన్నడిగితే చెప్పేదాన్ని. పీహెచ్, అంటే నీళ్ల పులుపూ క్షారాల కొలత, ఒక్క అంకె పెరిగితే అమ్మోనియాలో విషపు వంతు దాదాపు పదింతలవుతుందని ఆ చారను చూసినప్పుడల్లా ఈయనకు టెన్షన్. పోనీ కుళాయి నీళ్లు పోద్దామంటే క్లోరిను, అది కంకరలోని సూక్ష్మజీవుల్ని చంపుతుంది, కాబట్టి ఒక రోజు మూత లేకుండా నిలవ ఉంచాలి. నా బకెట్లన్నీ ఇప్పుడు ఆ పనిలో ఉన్నాయి. తోటకూరకు పేనుబంక పట్టింది. వేపనూనె కొట్టకూడదు, సబ్బునీళ్లు కొట్టకూడదు, తొట్టిలోకి దిగితే చేపలకు ముప్పు. బూడిద చల్లబోతే కేకలేశారు, పీహెచ్ పెరుగుతుందని. అందులో ఆయన మాట నిజమే, లెక్క లేకుండా వేస్తే పెరుగుతుంది. అయితే మర్నాడే పొటాషియం తక్కువైందని ఇంకో ప్యాకెట్టు కొన్నారు. కట్టెల బూడిదలో ఉండేదీ పొటాషే అని నేను అనలేదు. అనుకున్నాను.

ఎరువు కొనక్కర్లేదన్నది మాత్రం ముమ్మాటికీ నిజం. దాణా కొనాలి. ఆ తేలే గుళికల బస్తా ఆంధ్రా నుంచి వస్తుంది. అందులో సోయా పిండి, ఎండుచేపల పొడి ఉంటాయి. ఎక్కడో సముద్రంలో పట్టిన చిన్న చేపను ఎండబెట్టి, పొడి చేసి, గుళిక చేసి, బస్తాకెత్తి, లారీలో తెచ్చి మా రోహుకు వేస్తే, అది వదిలిన దానితో నాకు నాలుగు కట్టల పాలకూర. ఎరువు బస్తా వీధి గుమ్మంలోంచి పోయింది, దాణా బస్తా దొడ్డిదారిన వచ్చింది. ఇంత చేసి, ఇంటికి చుట్టాలొస్తే కూరకు తెచ్చేది బజార్లో ఐసులో వచ్చిన ఆంధ్రా రోహునే. మన తొట్టివి ఇంకా ఎదగాలట.

నీ మీద కక్షతో రాస్తున్నాననుకోకు. పుదీనా విరగబడి వచ్చింది, అబద్ధమాడను. (స్నానాల గది గొట్టం దగ్గర కూడా అలాగే వస్తుంది, అది వేరే సంగతి.) నీళ్లు నిండగానే గుడగుడమని ఒక్కసారిగా దిగిపోయే ఆ బెల్ సైఫన్ చూస్తుంటే నాకూ ముచ్చటేస్తుంది, పక్కింటి పిల్లలు దానికోసమే వస్తారు. నీ శాస్త్రం గొప్పదే. జేమ్స్ రకోసీ అనే ఆయన వర్జిన్ ఐలాండ్స్ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి దీని మీద పనిచేసి ఒక దారికి తెచ్చాడు. అది సముద్రం మధ్య ద్వీపం, మంచినీళ్లకు కరువు. అలాంటి చోట ప్రతి చుక్కనూ చేపకోసారి, ఆకుకోసారి వాడుకోవడం తెలివైన పని. మాకు మహేంద్రగిరి కొండ ఉంది, మహేంద్రతనయ నది ఉంది, పెరట్లో బావి ఉంది, గునపం దిగే మట్టి ఉంది.

ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థ 2014లో దీని మీద వేసిన చేతిపుస్తకం ఈయన ప్రింటు తీయించుకున్నారు. చదరపు మీటరు ఆకుకూరలకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల దాణా అని అందులో ఉన్న లెక్క కింద ఎర్ర గీత కూడా గీశారు. అదే సంస్థ అంతకు రెండేళ్ల ముందు, 2012లో, మన పక్క కొరాపుట్ కొండల్లోని పాత వ్యవసాయాన్ని ప్రపంచ వారసత్వ సాగుల్లో చేర్చింది. దాని కింద ఎవరూ గీత గీయలేదు. గీయడానికి అందులో కొనాల్సిన సామాను జాబితా లేదు మరి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు నువ్వు లేవు, బతికిపోయావు. కరెంటు మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేని రోజులవి. నీ ఇన్వర్టరు ఒక రాత్రికి సరిపోతుంది. అప్పుడు మా మునగచెట్టు మొదలంటా విరిగి పడింది. ఆ కొమ్మే ఒకటి నరికి, కోసిన చోట పేడ ముద్ద పెట్టి, గోడవారన పాతాం. ఇప్పుడు నీ డ్రమ్ములకు నీడ వేస్తున్నది అదే. ఆకు రాలి తొట్టిలో పడుతోందని దాన్ని నరికేద్దామన్నారు ఈయన. నరకనివ్వలేదు.

ఇక అసలు విషయం. రోహులు పోయాక తొట్టిలో నాటు మార్పు చేపలు వేద్దామంటున్నాను. ఆఫ్రికా రకం కాదు, అది మన దేశంలో నిషేధం. లేదా కొర్రమీను. రెండూ పైకొచ్చి గాలి మింగి బతికే చేపలు, వాటికి నీ ఊదుడు అక్కర్లేదు. కంకరకు నీళ్లు నిండి దిగినప్పుడల్లా గాలి తగులుతుంది, సూక్ష్మజీవులకు అది చాలు. ఒక రాత్రి కరెంటు పోయినా ఈయన పడుకోవచ్చు. కొర్రమీను చిన్నప్పుడు ఒకదాన్నొకటి తినేస్తుంది, పరిమాణం చూసి వేరు చెయ్యాలి, ఎగిరి బయటపడకుండా పైన వల కట్టాలి అని ఈయన అభ్యంతరాలు. వల కడతాను. నాకు వల కట్టడం వచ్చు, బీరపాదుకు కట్టిందే ఉంది.

నీకు అన్యాయం చెయ్యను. మా అబ్బాయి ఫ్లాటు బాల్కనీకి పంపిస్తాను. అక్కడ మట్టి లేదు, బావి లేదు, గోడవతల మావుసి లేదు. కరెంటు పోయిన మరుక్షణం అపార్టుమెంటువాళ్లు జనరేటరు వేస్తారు. అద్దాల తొట్టి, పైన నాలుగు పాలకూర మొక్కలు, వచ్చినవాళ్లకు చూపించుకోవడానికి బాగుంటుంది. కోడలు ఒప్పుకుందా అని అడక్కు.

అంతదాకా ఒకే ఒక్క మనవి. రేపు ఆదివారం, దోసెలు. పల్లీ చట్నీ ఎక్కువ చెయ్యాలి, నా భుజం నొప్పిగా ఉంది. పొద్దున్న ఏడింటికి ఆ ప్లగ్గు పావుగంట ఇప్పించు. పావుగంటలో చేపలు చావవు, లెక్క చూశాను. ఈయనకు చెప్పకు.

ఇట్లు,
రుబ్బురోలు దగ్గర్నుంచి,
ఇంటి ఇల్లాలు