తీసేసిన ఫ్లోరైడ్‌ను ఎక్కడ పోస్తున్నాం?

బోరు నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం కలిపి తీసే పద్ధతిని 1970ల్లో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. దానికి ‘నల్లగొండ పద్ధతి’ అన్న పేరు స్థిరపడి, ఆఫ్రికా దేశాల నీటి ఇంజినీర్లకూ పరిచయమైంది. ఫ్లోరైడ్ బెడద వల్ల జిల్లా పేరు ఇలా ప్రపంచానికి తెలియడం సంతోషించదగ్గ విషయమేమీ కాదు గానీ, అది వేరే సంగతి.

బకెట్టు నీటిలో సున్నమూ పటికా వేసి, ముందు వేగంగా, తర్వాత నెమ్మదిగా కలిపితే దూదిపింజల్లాంటి తెల్లటి తరకలు ఏర్పడి, గంటలో అడుగుకు చేరతాయి. పైనున్న తేటను వంచుకుని తాగుతాం. తీసేసిన ఫ్లోరైడ్ మాత్రం అడుగున మిగిలిన మడ్డిలో, పటిక నుంచి ఏర్పడిన అల్యూమినియం హైడ్రాక్సైడ్‌ను అంటిపెట్టుకుని అలాగే ఉంటుంది. పైగా చెరువు నీటిని తేర్చడానికి లీటరుకు పదుల మిల్లీగ్రాముల పటిక చాలినచోట ఫ్లోరైడ్‌కు వందల మిల్లీగ్రాములు పడుతుంది కాబట్టి, మడ్డి కూడా ఆ లెక్కనే పేరుకుంటుంది. దాన్ని పెరట్లోనో, బోరు పక్క గుంటలోనో పారబోస్తే, నేల గుణాన్ని బట్టి వాన నీటితో పాటు ఫ్లోరైడ్ మళ్లీ భూమిలోకి దిగే ప్రమాదం ఉంది. ఆర్వో ప్లాంట్లు వేరుచేసిన ఫ్లోరైడ్‌ను మోసుకుని, వెనక గొట్టంలోంచి మోరీలోకి పారే నీటిదీ ఇదే కథ.

ఊళ్లకు ఇప్పుడు మిషన్ భగీరథ పథకం కింద నది నీళ్లు వస్తున్నాయి కదా, ఇక ఈ చర్చ ఎందుకని అడిగేవారున్నారు. నది నీటిని తేర్చేదీ పటికే. ఆ మడ్డిలో ఫ్లోరైడ్ బెడద తక్కువే అయినా పరిమాణం చాలా ఎక్కువ. వరదకు నీళ్లు ఎర్రబడి పటిక మోతాదు పెంచవలసి వచ్చే రోజుల్లోనే, ఆరబెట్టే ఇసుక మడులు వానకు తడిసి పనికిరాకుండా పోతాయి. అప్పుడు అందరికీ తోచే సులువైన దారి పక్కనున్న వాగే. కలుషిత పదార్థాలను వాగులోనే కాదు, బావిలోనూ నేల మీదా వదలకూడదని 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం చెబుతున్నా, తాగునీటి ప్లాంటు అనగానే అది పుణ్యకార్యమన్న భావంతో మనం కళ్లు మూసుకుంటాం.

ఈ రెండు మడ్డులనూ ఒకే గాటన కట్టకూడదన్నది నా అభిప్రాయం. ఫ్లోరైడ్ మడ్డిని ఆరబెట్టి, నీరు ఇంకకుండా అడుగు కట్టిన గుంతలో వేసి, పైన వాన పడకుండా కప్పాలి. నది నీటి మడ్డిని మాత్రం పరీక్షించి, లోహాలు పరిమితిలో ఉంటే ఇటుకల మట్టిలో కలుపుకోవచ్చు. పైకప్పున్న మడులకు, పరీక్షలకు, రవాణాకు విడిగా పద్దు చూపని ప్లాంటు ఖర్చు అంచనాను ఏ పంచాయతీ అయినా సరే తిప్పి పంపాలి.