చీటీ సరే, తాబా ముద్ర సంగతేమిటి?

హోలీల్యాండ్ యాత్రకు పేరు రాయించుకునేవాళ్లకు ఏజెంట్లు మొదట చెప్పే ధైర్యం ఒకటే: "ఇజ్రాయెల్ వాళ్లు పాస్‌పోర్టు మీద ముద్ర వేయరండీ, చీటీ ఇస్తారు." అది నిజమే. 2013 నుంచి అక్కడ అదే పద్ధతి. ఫొటో, పేరు, పాస్‌పోర్టు నంబరు ఉన్న చిన్న నీలం చీటీ చేతిలో పెడతారు. తిరిగి దేశం దాటేదాకా దాన్ని పోగొట్టుకోకూడదు. విదేశీయులకు పన్ను మినహాయింపు ఉంటుంది కాబట్టి హోటల్లోనూ అడుగుతారు. కానీ కువైట్‌లో ఉంటున్న మనవాళ్లు ఆ ఒక్క మాట నమ్ముకుని నిశ్చింతగా బయల్దేరడం నాకు నచ్చడం లేదు. ఇజ్రాయెల్ వెళ్లొచ్చిన ఆనవాలు పాస్‌పోర్టులో కనిపిస్తే వాళ్లకు చిక్కు. ఇజ్రాయెల్ వేయని ముద్రను పొరుగు దేశాలు వేస్తాయి.

ఎక్కువగా అమ్ముడుపోయే ప్యాకేజీ చూడండి. అమ్మాన్‌లో దిగడం, నెబో పర్వతం, పెట్రా. సరిహద్దు దాటి యెరూషలేము, బేత్లెహేము. ఆపైన దక్షిణాన ఎయిలాత్ పక్కన తాబా దగ్గర ఈజిప్టులోకి వెళ్లి సీనాయి కొండ. చివరికి కైరోలో విమానం. ఒకే యాత్రలో మూడు దేశాలు. భక్తుడికి తృప్తి, ఏజెంటుకు గిట్టుబాటు. అయితే తాబాలో ఈజిప్టు అధికారి వేసే ప్రవేశ ముద్రలో ఆ సరిహద్దు పేరు ఉంటుంది. ఆ గేటుకు అవతల ఉన్నది ఇజ్రాయెలే. ఇది తెలిసిన ఇమిగ్రేషన్ అధికారికి మీ చీటీతో పనిలేదు. అకాబా పక్కన వాదీ అరబా దగ్గర, ఉత్తరాన షేక్ హుస్సేన్ వంతెన దగ్గర జోర్డాన్ వేసే ముద్రలూ అంతే.

కింగ్ హుస్సేన్ వంతెన ఒక్కటే వేరు. ఇజ్రాయెల్ వైపు దాన్ని అలెన్‌బీ అంటారు, యెరికోకు దగ్గర. వెస్ట్ బ్యాంక్‌లోకి వెళ్లే ఆ దారిని జోర్డాన్ మామూలు అంతర్జాతీయ సరిహద్దుగా లెక్కించదు కాబట్టి పాస్‌పోర్టు జోలికి పోకుండా విడి కాగితం మీద ముద్ర వేస్తుంది. అమ్మాన్‌లో దిగి, ఆ వంతెన మీదుగా వెళ్లి, దాని మీదుగానే తిరిగొచ్చి, అమ్మాన్‌లోనే విమానం ఎక్కితే పాస్‌పోర్టులో మిగిలేవి జోర్డాన్ విమానాశ్రయ ముద్రలే. ఇబ్బందులు లేకపోలేదు. అక్కడ జోర్డాన్ వీసా అప్పటికప్పుడు ఇవ్వరు. శుక్ర, శనివారాల్లో పెందలాడే మూసేస్తారు. గొడవలు ముదిరితే అసలే తెరవరు. సీనాయి కొండ కూడా వదులుకోవాలి. అయినా అఖామా (కువైట్ నివాస అనుమతి) మీద ఇల్లు నడుపుతున్న రాయచోటి డ్రైవరుకో, కోనసీమ నుంచి వచ్చి ఇంటిపని చేస్తున్న అక్కకో నేనైతే ఆ దారే చెబుతాను.

కువైట్ ఇజ్రాయెల్‌ను గుర్తించలేదు. ఇజ్రాయెల్‌ను బహిష్కరించే చట్టం అక్కడ 1964 నుంచి ఉంది. ఎమిరేట్స్, బహ్రెయిన్ మాత్రం 2020లో ఇజ్రాయెల్‌తో ఒప్పందాలు చేసుకున్నాయి. దుబాయ్‌లోని బావమరిది "నన్నెవరూ అడగలేదే" అంటే అది దుబాయ్ సంగతి. లెబనాన్ అయితే ఆనవాలు కనిపిస్తే వెనక్కి పంపేస్తుంది.

ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు చాలావరకు అమెరికా, బ్రిటన్ పౌరులకు పనికొచ్చేవి. వాళ్లు ఇలాంటి అవసరానికే రెండో పాస్‌పోర్టు తీసుకోగలరు. భారతీయ పౌరులకు, అధికారిక పర్యటనల మాట వదిలేస్తే, ఆ వెసులుబాటు లేదు. పైగా మనకు ఇజ్రాయెల్ వీసా కావాలి. వీసా స్టిక్కరు పాస్‌పోర్టు పేజీకి అతికించి ఉంటే నీలం చీటీని ఎంత భద్రంగా దాచుకుని ఏం లాభం? విడి కాగితమా, ఈ-వీసానా, స్టిక్కరా అన్నది అడ్వాన్సు కట్టకముందే తేల్చుకోవాలి. ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విమానాశ్రయం నుంచి తిరుగు ప్రయాణమైతే ఇంకొకటి: భద్రతా సిబ్బంది పాస్‌పోర్టు వెనక అట్టకు అంటించే బార్‌కోడు స్టిక్కరు. ఇంటికొచ్చాక కూడా దాన్ని పీకనివాళ్లున్నారు!

అబద్ధమాడమని నేను చెప్పడం లేదు. అధికారి నేరుగా అడిగితే ఉన్నదే చెప్పాలి. అడిగే అవసరం రాకుండా దారి ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. ఆ ఎంపికైనా ఎప్పుడూ మన చేతిలో ఉండదు. 2025 జూన్‌లో యుద్ధం వచ్చి బెన్ గురియన్ మూతపడినప్పుడు ఆపరేషన్ సింధు కింద మన ప్రభుత్వం ఇజ్రాయెల్‌లోని భారతీయులను రోడ్డు మార్గాన జోర్డాన్, ఈజిప్టులకు దాటించి స్వదేశానికి చేర్చింది. అలాంటప్పుడు ఏ ముద్ర పడుతుందో ఎవరు చూసుకుంటారు?

మామూలు రోజుల్లోనైనా చూసుకోవాలి కదా. యాత్రల కరపత్రాల్లో హోటల్ నక్షత్రాలు ఉంటాయి, బఫే భోజనం ఉంటుంది, వెంట వచ్చే పాస్టరు గారి ఫొటో ఉంటుంది. ఏ సరిహద్దు దగ్గర దాటిస్తారో మాత్రం ఉండదు. మన సంఘం పత్రికకు ప్రకటన ఇచ్చే ఏజెంట్లనైనా సరిహద్దుల పేర్లు, దిగే, ఎక్కే విమానాశ్రయాలు, వీసా ఏ రూపంలో వస్తుందో అందులో రాయమని కార్యవర్గం అడగాలి. వాళ్లు రాయబోమంటే ఆ ప్రకటన వేసుకోవద్దు. ఆ డబ్బు పోతే పోనివ్వండి.