ఖాళీ కుర్చీలో ఎవరు కూర్చోవాలి?

నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్రం చెబుతున్నాను, కాంట్రాక్టు మీద. మా విభాగంలో రిటైరైనవాళ్ల కుర్చీలు ఏళ్లుగా ఖాళీగా ఉన్నాయి. వాటిని భర్తీ చేయకుండా, గంటకు ఇంత అని ఇచ్చి కంపెనీల నుంచి జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాలు చేసి విశ్లేషించే పద్ధతి) తెలిసినవాళ్లను పిలిపిస్తే సరిపోతుందని ఈమధ్య ఒక మాట నడుస్తోంది. మా అన్న కొడుకు మాదాపూర్‌లో మ్యాపింగ్ కంపెనీలో పనిచేస్తాడు. దసరాకు ఇంటికొచ్చినప్పుడు ఆ సంగతి చెబితే, మంచి ఆలోచనే కదా అన్నాడు. అక్కడ మొదలైంది.

అల్లుడు: కోప్పడకుండా విను అత్తా. మా దగ్గరికి ఇంటర్వ్యూకొచ్చే ఎంఎస్సీ జాగ్రఫీ పిల్లలను చూస్తున్నాను. ప్రపంచాన్ని వాతావరణాన్ని బట్టి విడదీసిన కొప్పెన్ విభాగాలు గడగడా అప్పజెబుతారు. రెండు పటాలు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చునేలా ప్రొజెక్షన్ కలపమంటే మౌస్ పట్టుకుని దిక్కులు చూస్తారు. పటాలు చేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, సెంటినెల్ ఉపగ్రహ చిత్రాలు ఉచితం. బాలానగర్‌లో ఇస్రో వాళ్ల ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ ఉంది, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. చుట్టూ ఇంతమంది పని తెలిసినవాళ్లు ఉంటే పిలిచి చెప్పించుకోవడంలో తప్పేముంది?

అత్త: తప్పని నేనన్నానా? రమ్మను. ఖాళీ కుర్చీలో మాత్రం వద్దంటున్నాను.

అల్లుడు: ఎవరు ఎక్కడ కూర్చుంటే ఏంటి, పాఠం జరగాలి గానీ. 2022లో విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే యూజీసీయే 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అని పెట్టింది. పీహెచ్‌డీ లేకపోయినా అనుభవం ఉంటే చాలంది.

అత్త: ఆ మార్గదర్శకాలు చివరిదాకా చదివావా? అలా తీసుకునేవాళ్లు మంజూరైన పోస్టుల్లో పది శాతం దాటకూడదు. మూడేళ్లు, తప్పదనుకుంటే ఇంకో ఏడాది. అన్నిటికంటే ముఖ్యం, వాళ్లు మంజూరైన పోస్టులకు అదనం. వాళ్లను చూపించి రెగ్యులర్ నియామకాలు ఆపకూడదని అందులోనే ఉంది.

అల్లుడు: సరే, ఒక మాట అడుగుతాను. ఆ రెగ్యులర్ సార్లు ఉన్న రోజుల్లో ఏం ఉద్ధరించారు? పసుపుపచ్చగా మారిన నోట్సు తెచ్చి 'రాసుకోండి' అనేవాడని మీ సారు గురించి నువ్వే చెప్పావు. ఉద్యోగం గట్టిది అయ్యాక కొత్తది నేర్చుకోవాల్సిన అవసరమే లేకపోయింది ఆయనకు. నేనైతే ఆర్నెల్లు కొత్త టూల్ నేర్చుకోకపోతే నన్ను బయటికి పంపుతారు.

అత్త: ఆ మాట నిజం. ఆయన చేతిలో మా బ్యాచ్ నష్టపోయింది. నేను జీఐఎస్ నేర్చుకున్నది ముప్పై దాటాక, సొంత డబ్బుతో.

అల్లుడు: ఇంకో మాట. 1908 మూసీ వరద తర్వాత జలాశయాలు కట్టాలని చెప్పింది విశ్వేశ్వరయ్య, ఇంజనీరు. నగరాన్ని వీధివీధీ కొలిపించి పటాలు గీయించింది లియోనార్డ్ మన్. అప్పటికి ఉస్మానియా పుట్టనేలేదు. జాగ్రఫీ ప్రొఫెసర్లు లేకుండానే ఈ ఊరికి మంచి పటం వచ్చింది.

అత్త: వచ్చింది. దాన్ని చదవడం ఎంతమందికి నేర్పాం? పటాలు బీరువాల్లో ఉండగానే చెరువుల్లో ఇళ్లు లేచాయి. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి.

పోయిన ఏడాది మా పిల్లలను ఒక చెరువుకు తీసుకెళ్లాను. అంతకుముందు ల్యాబ్‌లో ఒక పిల్లాడు ఏప్రిల్ నెల చిత్రం పెట్టుకుని, ఆ చోటుకు 'ఖాళీ భూమి' అని రంగు వేశాడు. సాఫ్ట్‌వేర్ తప్పు చెప్పలేదు, ఆ రోజు అక్కడ నీళ్లు లేవు. పాత టోపోషీట్ (సర్వే పటం) పరిచి కట్ట గీత చూపించాను. నమ్మలేదు. మర్నాడు బస్సెక్కించాను. తుమ్మచెట్ల మధ్య మట్టి గీకితే తూము రాయి బయటపడింది. ఒక పెద్దాయన మేకలు తోలుకుంటూ వచ్చి, 'మత్తడి గిటు దుంకేది బిడ్డా' అని, చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు వేలితో చూపించాడు. ఆ వేలు చూపిన చోట సెల్లార్ తవ్వుతున్నారు. ఆ పిల్లాడు అక్కడే కట్ట మీద కూర్చుని, ల్యాప్‌టాప్ తెరిచి రంగు మార్చాడు.

ఇది గంట లెక్కన వచ్చి చెప్పే పాఠం కాదు. ఆ చెరువును వానకూ ఎండకూ వరసగా కొన్నేళ్లు చూసినవాళ్లు ఉండాలి. ఇక పీహెచ్‌డీ సంగతి. గైడ్‌గా ఉండాలంటే పర్మినెంట్ అధ్యాపకులే అయి ఉండాలి. ప్రొఫెసర్‌కు ఎనిమిది మంది, అసోసియేట్‌కు ఆరుగురు, అసిస్టెంట్‌కు నలుగురు. ఆ కుర్చీలు ఖాళీ అయితే పరిశోధన ఆగిపోతుంది. నేను ఎన్నేళ్లు చెప్పినా ఒక్క పిల్లకు గైడ్ కాలేను. 'మేడమ్, మీ దగ్గరే చేస్తాను' అని వచ్చిన పిల్లను వేరే రాష్ట్రానికి పంపాను. స్టేషన్‌లో ఆ పిల్ల వాళ్లమ్మ నా వైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

అల్లుడు: అంటే చివరికి ఇది నీ పోస్టు కోసమే కదా అత్తా?

అత్త: నాకూ కావాలి, దాచను. రేపు నోటిఫికేషన్ వచ్చి, ఇంటర్వ్యూలో నాకంటే బాగా చెప్పేవాళ్లకు వస్తే రానీ. నేను ఏడుస్తాను, కానీ ఆ కుర్చీలో మనిషి ఉంటారు.

అల్లుడు: ...

అత్త: ఇంతకీ మీ నాన్న ఆ ప్లాటు కొనేముందు నాతో ఒక్క మాట అనలేదు. అది శిఖం భూమి, అంటే చెరువు లోపలి భూమి, అవునో కాదో ఐదు నిమిషాల్లో చెప్పేదాన్ని.

అల్లుడు: నాన్న సంగతి ఇందులోకి ఎందుకు?

అత్త: ఎందుకంటే ఏంటి? ఎఫ్‌టీఎల్ గీత, చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు, ఎక్కడ పడుతుందోనని ఆయనకు రాత్రుళ్లు నిద్ర లేదు. వదిన ఫోన్ చేసి ఏడుస్తోంది. బ్రోకర్ ఫోన్‌లో మ్యాప్ చూపిస్తే నమ్మేశాడు.

అల్లుడు: బ్రోకర్‌ను కాదు, నన్ను నమ్మాడు. చూసి సరే అన్నది నేనే.

అత్త: ఏ నెల చిత్రం చూశావు?

అల్లుడు: మే.

అత్త: నాకు చెప్పాల్సిందిరా.

అల్లుడు: చెప్పాల్సింది. సరే, పోస్టులు నింపాలంటే కాదనను. కానీ వచ్చేవాళ్లకు కోడింగ్ రాకపోతే మాత్రం తీసుకోవద్దు. ఈ ఒక్కటీ వదలను.

అత్త: వదలకు. మా మీటింగ్‌లో కూడా ఇదే చెప్పు.

అల్లుడు: ఈలోపు నన్ను ల్యాబ్‌కు పిలుస్తావా? శనివారాలు ఖాళీయే.

అత్త: రా. గంట డబ్బులు ఎప్పుడిస్తారో మాత్రం చెప్పలేను. మా జీతాలే ఇంకా రాలేదు.