పిల్లల కబడ్డీలో ఈ టైం లాగుడు ఎందుకు?

అటు పాతపట్నం, ఇటు పర్లాకిమిడి. సరిహద్దుకు రెండు వైపులా పండగొచ్చిందంటే కబడ్డీ టోర్నమెంటు ఉండాల్సిందే. ఒడిశా గజపతి జిల్లాలోని మన తెలుగు పిల్లలకు ఒంట్లో చురుకుకీ, ధైర్యానికీ లోటు లేదు. కానీ పద్నాలుగేళ్ల లోపు వాళ్ల మ్యాచ్ చూస్తుంటే నాకు బాధేస్తుంది. ఆ వయసుకే ఆచితూచి ఆడటం అలవాటైపోయింది.

కూతకెళ్లిన కుర్రాడు, అంటే రైడర్, తప్పక దాటాల్సిన బాక్ లైన్ దాటి, ఎడమ కార్నర్ వైపు రెండడుగులు వేస్తాడు. అక్కడి డిఫెండర్ బరువంతా ముందు కాలి మీదే ఉంది. ఒక్క టో టచ్‌కి, అంటే కాలివేలితో తాకితే చాలు, దొరికిపోయేలా ఉన్నాడు. రైడర్ కూడా అది గమనించాడు. అంతలోనే గీత బయటి నుంచి కోచ్ కేక: "తొందరొద్దురా, టైం లాగు!" లేవబోయిన కాలు ఆగిపోతుంది. 30 సెకన్లూ గడిపేసి, ఖాళీ చేతులతో తిరిగొస్తాడు. కోచ్ భేష్ అన్నట్టు తలూపుతాడు.

కోచ్ లెక్క అందరికీ తెలిసిందే. వరుసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై, అంటే పాయింటు తేకపోతే రైడర్ అవుటే. దానికి ఎలాగూ జట్టులోని మొనగాణ్ణి పంపుతారు. 2014లో మొదలైన ప్రో కబడ్డీ ఈ ఎత్తుగడను ఇంటింటి టీవీలోకి తెచ్చింది. అక్కడ ఆడేవాళ్లు ఆట పూర్తిగా నేర్చుకున్నవాళ్లు. మన పిల్లలింకా నేర్చుకుంటున్నారు.

సబ్ జూనియర్ మ్యాచ్‌లో ఒక్కో సగం 15 నిమిషాలు. ప్రతి రైడ్‌నూ 30 సెకన్లూ సాగదీస్తే ఆ సగంలో పడేవి 30 రైడ్లు, ఒక్కో జట్టుకు 15. మూడింట రెండు ఖాళీగా పోతే గట్టిగా ఆడే రైడ్లు అయిదే. ఆ అయిదూ ఒక్కడికే ఇస్తే మిగతా ఆరుగురికీ డిఫెండర్ల చేతుల కింద నుంచి దూరిపోయే డుబ్కీ ఎప్పుడొస్తుంది, అదనపు పాయింటు తెచ్చే బోనస్ గీత దాటడం ఎప్పుడు అలవాటవుతుంది? నష్టం రైడర్లతో ఆగదు. తెగించి వచ్చేవాడే లేనప్పుడు డిఫెండర్‌కు యాంకిల్ హోల్డ్, అంటే రైడర్ చీలమండ పట్టే అదను, ఎలా పట్టుబడుతుంది?

వేరే ఆటలకూ ఈ జబ్బు ఉంది. వల కట్టిన కర్రలతో బంతిని గోల్‌లోకి విసిరే ఆట లాక్రోస్. అమెరికా కాలేజీ లాక్రోస్‌లో బంతిని తమ దగ్గరే తిప్పుకుంటూ కాలం గడిపే జట్లు ఉండేవి. అందుకే పురుషుల పోటీల్లో 2019 సీజన్ నుంచి 80 సెకన్ల షాట్ క్లాక్, అంటే ఆలోపు గోల్ కొట్టే ప్రయత్నం చేయాలన్న గడువు, పెట్టారు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఆడబోయే సిక్సెస్ (జట్టుకు ఆరుగురు) పద్ధతిలో అయితే ఆ గడువు 30 సెకన్లే. మనకు 30 సెకన్ల గడువు, మూడో రైడ్ నిబంధన రెండూ ఉన్నాయి. అయినా మొదటి రెండు రైడ్లనూ వదిలేసుకోమని మనమే పిల్లలకు నేర్పుతున్నాం.

ఓపిక కూడా ఆటలో భాగమే, నిజమే. కోర్టులో ఒక్కడే మిగిలినప్పుడు లోనా (జట్టంతా అవుటైతే ఎదుటివాళ్లకు వచ్చే అదనపు పాయింట్లు) తప్పించుకోవడానికి టైం లాగడం తెలివైన పనే. నా అభ్యంతరం, ఏడుగురూ కోర్టులో ఉండగా, రెండో నిమిషంలోనే అదే పని చేయించడం మీద.

కోచ్‌లను తిట్టి లాభం లేదు. చాలామంది సొంత డబ్బు పెట్టుకుని, సాయంత్రాలు గ్రౌండ్‌లో గడిపేవాళ్లే. టోర్నమెంట్‌లో ఓడిపోతే మర్నాడు ఊళ్లో అందరూ వాళ్లనే అంటారు. ఆ టెన్షన్‌లో ఎవరైనా గెలుపు దారే చూసుకుంటారు. అందుకే మార్పు నిర్వాహకుల దగ్గర మొదలవ్వాలి. పద్నాలుగేళ్ల లోపు మ్యాచుల్లో రెండో రైడ్‌నే డూ ఆర్ డై చేయొచ్చు. మొదటి సగంలో ఏడుగురూ కనీసం ఒక్కసారి కూతకెళ్లి తీరాలని పెట్టొచ్చు. ప్రాక్టీసులో కోచ్‌లు రైడ్‌ను 15 సెకన్లకు కుదించి చూడొచ్చు. వీటికి మ్యాట్ కొననక్కర్లేదు, పైవాళ్ల అనుమతి కోసం తిరగక్కర్లేదు. ఎంట్రీలు రాసుకునే రోజే జట్లన్నిటికీ చెప్పేస్తే చాలు.