జెర్రికి నాలుగే హెచ్‌పీ కదా అని ఎనిమిదింటిని వదలకండి

"డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో రాకాసి పురుగులు దండగ, ప్రతి డీఎం తెలుసుకోవాల్సిన ఆరు నిజాలు" అనే మెసేజ్ మళ్ళీ గ్రూపుల్లో తిరుగుతోంది. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అంటే పాచికలు వేస్తూ తలో పాత్రగా కథలా ఆడే బల్ల ఆట, డీఎం అంటే ఆ ఆట నడిపే మనిషి. పంపేవాళ్ళలో ఒక్కరైనా శత్రుజీవుల అంకెలుండే మాన్‌స్టర్ మాన్యువల్ తెరిచి అంకెలు సరిచూసినట్టు లేదు. ఆరింటిలో ఒకటి మాత్రం కొత్తగా ఆట మొదలుపెట్టినవాళ్ళ మొదటి సెషన్‌నే నాశనం చేస్తుంది. అది ఎక్కువమంది చేతిలో పడకముందే ఇది రాయాల్సి వచ్చింది. కింద చెప్పే అంకెలన్నీ 2014 నియమాలవి. హెచ్‌పీ అంటే ప్రాణం పాయింట్లు.

మొదటి "నిజం": పురుగు పది రెట్లు పొడవైతే కాళ్ళ బలం వంద రెట్లు, బరువు వెయ్యి రెట్లు పెరుగుతుంది కాబట్టి గుర్రమంత చీమ నిలబడలేదట. లెక్క సరైనదే. మంత్రాలు పనిచేసే లోకంలో ఆ లెక్కతో పనిలేదు. తర్వాతది చూద్దాం.

రెండోది: పురుగులకు బుర్ర ఉండదు, మనసు మీద పనిచేసే మంత్రాలేవీ వాటికి తగలవు. ఇది గాల్లోంచి పుట్టలేదు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో వీటిని "వర్మిన్" అని వేరే జాతిగా పెట్టారు, అలాంటి మంత్రాలు నిజంగానే పారేవి కావు. కానీ 2014లో జెర్రి, సాలీడు, తేలు, కందిరీగ అన్నీ "బీస్ట్"లే, అంటే జంతువుల లెక్కే. ఇంటెలిజెన్స్ (తెలివి అంకె) 4 కంటే తక్కువ కాబట్టి జంతువును మచ్చిక చేసే యానిమల్ ఫ్రెండ్‌షిప్ మంత్రం పనిచేస్తుంది, వాటితో మాట్లాడించే స్పీక్ విత్ యానిమల్స్ కూడా పనిచేస్తుంది. నేలను తవ్వే రాకాసి పురుగు ఆంకెగ్‌ విషయంలో జాగ్రత్త. అది మాన్‌స్ట్రాసిటీ (బీస్ట్ కాని వింత జీవి), దానికి ఈ రెండూ పనిచేయవు.

మూడోది: నిప్పు పెడితే అన్నీ చస్తాయి. సాలీడు అల్లిన వల నిప్పుకు తట్టుకోలేదు, నిజం. ఆ వలకు ఏసీ (దెబ్బ తగలాలంటే పాచిక చేరాల్సిన అంకె) 10, హెచ్‌పీ 5. సాలీడుకు మాత్రం నిప్పు మామూలు దెబ్బే. వల మధ్యలో మీవాడు చిక్కుకుని ఉండగా నిప్పు వేస్తే ఎవరు కాలతారో మెసేజ్ రాసినాయన ఆలోచించలేదు.

ఇక నాలుగోది. "జెయింట్ సెంటిపీడ్‌కు హెచ్‌పీ నాలుగే, సీఆర్ పావే. ఒకటో లెవెల్ వాళ్ళ మీదికి ఎనిమిదింటిని వదలండి, సరదాగా నరుక్కుంటారు."

ఎక్కడి సరదా? సీఆర్ అంటే శత్రువు ఎంత ప్రమాదకరమో చెప్పే అంకె, ఒకటో లెవెల్ అంటే అప్పుడే మొదలైన పాత్ర. అసలు ఆ జెర్రి పేరు కింద ఉన్న నాలుగు వరుసలు చదివారా? కరిస్తే నాలుగు పాయింట్ల దెబ్బ. ఆపైన డీసీ 11 కాన్‌స్టిట్యూషన్ సేవ్, అంటే ఇరవై ముఖాల పాచిక వేసి ఒంటి దారుఢ్యం అంకె కలిపితే 11 అయినా రావాలి. తప్పితే 3డీ6 (ఆరు ముఖాల పాచికలు మూడు) విషం, అంటే పుస్తకంలో వేసిన సగటు 10. సేవ్ నెగ్గితే విషం సున్నా, సగం తగలడమంటూ లేదు. అంటే ఈ పురుగు హెచ్‌పీలో కాదు, ఆ ఒక్క సేవ్‌లో బతుకుతుంది.

ఒకటో లెవెల్ విజర్డ్‌ను, అంటే మంత్రగాణ్ణి తీసుకోండి. కాన్‌స్టిట్యూషన్ +1, హెచ్‌పీ 7, రక్షణ మంత్రం మేజ్ ఆర్మర్ లేకుండా ఏసీ 12. జెర్రి వేసే పాచికకు +4 కలుస్తుంది, కాబట్టి కాటు తగిలే అవకాశం నూటికి 65. సేవ్ తప్పే అవకాశం 45. ఒక కాటుకు విషం ఎక్కే అవకాశం దాదాపు 29 శాతం. ఎనిమిదిలో నాలుగు అతని మీద పడితే, ఆ ఒక్క రౌండులోనే ఒక్కటైనా విషం ఎక్కించే అవకాశం 75 శాతం. ఇప్పుడు దెబ్బ కూడండి: 4, 10, మొత్తం 14. ఏడు పోగా మిగిలింది ఏడు. మిగిలిన దెబ్బ పూర్తి హెచ్‌పీకి సమానమైతే డెత్ సేవ్‌లు (సున్నాకు పడ్డాక బతకడానికి వేసే పాచికలు, మూడు పోతే చావు) కూడా ఉండవు, అక్కడికక్కడే చావు. సగటు దెబ్బకే ఇంత!

తక్కువ దెబ్బతో పడిపోయినా మేలేమీ లేదు. విషం వల్ల సున్నాకు చేరినవాడు స్టేబుల్ అవుతాడు (వెంటనే చావడు) గానీ, ఆటలో గంటసేపు పారలైజ్డ్, కదలలేడు. క్లెరిక్ (పూజారి పాత్ర) నయం చేసే హీలింగ్ వర్డ్ చదివినా హెచ్‌పీ వస్తుందే తప్ప కదలిక రాదు. దాన్ని విడిపించే లెసర్ రిస్టొరేషన్ రెండో స్థాయి మంత్రం, ఒకటో లెవెల్‌లో ఎవరి దగ్గరా ఉండదు. పాలడిన్ (దైవబలమున్న యోధుడు) ఉంటే చేత్తో తాకి నయం చేసే లే ఆన్ హ్యాండ్స్‌లో ఉన్న అయిదు పాయింట్లూ ఖర్చుచేసి ఒక్కరికి విషం దించగలడు. అలా పడి ఉన్నవాడికి పక్కనుంచి తగిలే ప్రతి కాటూ క్రిటికల్ (గట్టి దెబ్బ), అంటే రెండు డెత్ సేవ్‌లు పోయినట్టే. రెండు కాట్లకు కథ ముగుస్తుంది. కాట్లు పడకపోయినా, ఆ పాత్ర ఆడే పిల్లో పిల్లాడో షీటు ముందు పెట్టుకుని చూస్తూ కూర్చోవాలి. రెండో వారం రమ్మంటే ఎవరు వస్తారు?

ఎక్స్‌పీ (శత్రువును గెలిస్తే వచ్చే అనుభవం పాయింట్లు) లెక్క కూడా పుస్తకంలోనే ఉంది. ఒక్కోదానికి 50, ఎనిమిదింటికి 400. ఏడు నుంచి పది శత్రువులుంటే రెండున్నర రెట్లు, మొత్తం 1000. నలుగురు ఒకటో లెవెల్ వాళ్ళకు "డెడ్లీ" గీత 400 దగ్గరే. రెండు జెర్రులైతే ఆ రెట్లు తగ్గి 150, ఈజీకీ మీడియంకీ మధ్య. మూడైతే 300, హార్డ్. మొదటిసారికి రెండు చాలు. అవి గోడలెక్కగలవు, చీకట్లోనూ 30 అడుగుల లోపు పసిగట్టగలవు. ఒకటి ఎదురుగా, ఒకటి గోడ మీద పెట్టండి. ఊళ్ళో 50 బంగారు నాణేలకు విషాన్ని తట్టుకునే మందు యాంటీటాక్సిన్ దొరుకుతుందని ముందే చెవిన వేయండి. పార్టీలో మరుగుజ్జు (డ్వార్ఫ్) ఉంటే విషం సేవ్‌కు అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం), విషం దెబ్బలో సగమే.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. విజర్డ్‌కు ముందు వంతు వచ్చి స్లీప్ చదివితే 5డీ8, అంటే సగటున 22 హెచ్‌పీల మేర శత్రువులను నిద్రపుచ్చుతుంది, నాలుగేసి హెచ్‌పీ చొప్పున అయిదు జెర్రులు నిద్రపోతాయి. కానీ వంతు ముందు వస్తుందా అన్న ఒక్క పాచిక మీద కొత్తవాళ్ళ ప్రాణాలు పెట్టమని సలహా ఇస్తారా?

అయిదోది: ఇవన్నీ హెచ్‌పీ మూటలు, ఎదురొచ్చి చచ్చేవరకు కొట్టుకుంటాయి. అలా ఆడించమని ఎవరు చెప్పారు? ఇనుమును తుప్పు పట్టించే రస్ట్ మాన్‌స్టర్ 1975 నుంచీ ఉంది, ఎవరి ప్రాణమూ దానికి అక్కర్లేదు. ఇనుము కావాలి. మీసాలు తాకినప్పుడల్లా డీసీ 11 డెక్స్ (చురుకుదనం) సేవ్ తప్పితే చెయిన్‌మెయిల్ (గొలుసు కవచం) ఏసీ ఒకటి శాశ్వతంగా తగ్గుతుంది. 16 నుంచి 10కి దిగితే ఆరు తాకిళ్ళలో తుక్కు. సంచిలోంచి నాలుగు ఇనుప మేకులు తీసి దూరంగా విసిరితే అటు పోయేలా ఆడించండి. ఆంకెగ్ ఒకరిని కరిచి పట్టుకున్నాక ఆసిడ్ చిమ్మలేదు, ఇంకొకరిని కరవలేదు. దాన్ని బోర్లాపడేస్తే ఏసీ 14 కాస్తా 11 అవుతుంది. ఇవి తెలిశాక కూడా మూట అంటే, మూట విప్పలేదనే అర్థం. పారిపోవడం కావాలంటే ఇదే ఆట పాత 1981 బేసిక్ నియమాల మొరేల్ (ధైర్యం అంకె) తెచ్చుకోండి. 2డీ6 వేసి, వచ్చింది దాని మొరేల్ అంకె దాటితే వెనక్కి తిరుగుతుంది.

ఆరోది మెసేజ్ చివర్లో ఒక్క వరుసలో ఉంది. బల్ల దగ్గర ఎవరికైనా సాలీళ్ళంటే నిజంగా భయమేమో ముందు అడగండి, అని. ఇది మాత్రం వంద శాతం నిజం, మొదటి వరుసలో ఉండాల్సింది. ఆట మొదలయ్యాక అందరి ముందూ కాదు, ముందురోజు విడిగా అడగాలి. ఉందని చెబితే సాలీడు అంకెలు మార్చక్కర్లేదు. ఏసీ 14, హెచ్‌పీ 26, వల విసురు అన్నీ అలాగే ఉంచి, జిగురు చిమ్మే ఊడలమర్రి వేరుగా వర్ణించండి. కాళ్ళ సంగతి ఎత్తకండి.