సవరణ: తిత్లీ తుపాను, ద్రాక్షతీగ కత్తిరింపు

యోహాను సువార్త 15వ అధ్యాయంలో యేసు తాను ద్రాక్షావల్లిననీ, శిష్యులు దాని తీగలనీ, తండ్రి అయిన దేవుడు రైతనీ చెప్పాడు. దాని మీద నేను రాసిన పోస్టులో, 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కూలిన జీడి, కొబ్బరి తోటలను తండ్రి చేసే కత్తిరింపుతో పోల్చాను. అది తప్పు. తోట పోగొట్టుకున్న ఒక అక్క అది చదివి, "అయితే దేవుడే మా చెట్లు పడగొట్టాడా బాబూ?" అని అడిగింది. ఆమెను బాధపెట్టినందుకు క్షమాపణ అడిగాను. మిమ్మల్నీ అడుగుతున్నాను.

2వ వచనంలో రైతు కత్తిరించేది ఫలించే తీగను, ఇంకా ఎక్కువ కాయాలని. తుపాను చెట్టునే వేళ్లతో పెకలిస్తుంది. ఈ రెండూ ఒకటెలా అవుతాయి? పైగా గ్రీకులో అక్కడి కత్తిరింపు మాట, 3వ వచనంలో "పవిత్రులు" అనే మాట ఒకే మూలం నుంచి వచ్చినవి. ఆ పవిత్రత తన మాట వల్లే కలిగిందని యేసు చెప్పాడు. అక్కడ తుపాను ఊసే లేదు.

ఇంకొకటి. "ఫలించడానికి కష్టపడాలి" అని రాశాను. ఆయన అడిగింది తనలో నిలిచి ఉండమని. 4 నుంచి 10 వచనాల్లో గ్రీకులో ఆ క్రియ 10 సార్లు వస్తుంది. మన పెరట్లో ఆనప తీగ కాయ కోసం టెన్షన్ పడదు, పాదును వదలదు, అంతే. ప్రార్థనకు కూర్చోవడం, ఆయన మాట వినడం, తోటివారిని ప్రేమించడం ఆ నిలిచి ఉండటంలోవే.

పాత పోస్టులో ఆ రెండు పేరాలూ తీసేశాను. ఎవరికైనా పంపి ఉంటే, దయచేసి ఇది కూడా పంపండి.