నిద్రపోతున్న మూలకణాలకు మేలుకొలుపు

నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లో కొత్తగా వెలసిన ఆరోగ్య దుకాణాలు ఈ మధ్య ఒక మహత్కార్యాన్ని తలకెత్తుకున్నాయి. మన ఎముక మజ్జలో ఏ పనీ చేయకుండా పడుకున్న రక్త మూలకణాలను, అంటే రక్తకణాలన్నిటికీ తల్లికణాలను, మునగాకు, పసుపు, ద్రాక్షగింజల పొడులలోని యాంటీఆక్సిడెంట్లతో (కణాలను దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ అణువులను అణచే పదార్థాలతో) తట్టి లేపడమే ఆ కార్యం. ఇంతకాలం మునగాకును పప్పులో వేసుకుని, అందులోని క్వెర్సెటిన్ అనే యాంటీఆక్సిడెంటుకు కనీస మర్యాదైనా చేయకుండా మింగేసిన వాళ్లం కనుక, దానిని డబ్బాలో కూర్చోబెట్టి వేల రూపాయల హోదా కల్పించిన వారికి మనం రుణపడి ఉండవలసిందే.

అయితే ఆ కణాల పక్షం కూడా ఒకసారి ఆలకించడం న్యాయం. మన ఒంట్లో రోజుకు సుమారు 20,000 కోట్ల ఎర్రకణాలు పుడుతుంటే, ఆ చాకిరీ అంతా చేసేది మూలకణాల సంతానమే; మూలకణాల్లో అధికభాగం మాత్రం, ఆక్సిజన్ అంతగా అందని మజ్జ మూలల్లో, పెన్నా ఆయకట్టు రైతు మరుసటి కారుకని దాచిన విత్తనపు వడ్లలాగా, కదలక మెదలక ఉంటాయి. మితిమీరి విభజన చెందితే వాటిలో చురుకైన ఆక్సిజన్ అణువులు పోగుపడి, అవి అలసి వట్టిపోతాయి. నిద్రే వాటి ఉద్యోగం.

ఇక్కడే చిన్న చిక్కు వచ్చింది. జపానులోని కెయో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004, 2006 సంవత్సరాల్లో ప్రచురించిన పరిశోధనల్లో, ఆ చురుకైన ఆక్సిజన్ అణువులను అదుపులో ఉంచే ఏటీఎం అనే జన్యువు లోపించిన ఎలుకలకు ఒక యాంటీఆక్సిడెంటు ఇస్తే, వాటి మూలకణాలు అరిగిపోకుండా నిలిచాయి. అంటే ఆ మందు వాటిని లేపలేదు, ప్రశాంతంగా పడుకోనిచ్చింది. మన దుకాణదారు మేలుకొలుపు పాడుతూ జోలమందు అమ్ముతున్నాడన్నమాట! పైగా ఆ మందు ఏ చెట్టునా కాసినది కాదు. పారాసిటమాల్ మోతాదు మించిన వారికి ఆసుపత్రుల్లో ఇచ్చే ఎన్-ఎసిటైల్ సిస్టీన్.

పసుపులోని కర్క్యుమిన్ పేగులు దాటి రక్తంలో కలిసేది బహు స్వల్పమని చెప్పి చూడండి, "అందుకే సార్, రెండు డబ్బాలు వాడమనేది" అంటాడు. ఫిన్లాండులో 29,000 మందికి పైగా పొగతాగే పురుషులతో పరీక్ష జరిపితే, క్యారెట్లలో ఉండే యాంటీఆక్సిడెంటు బీటా కెరోటిన్ మాత్రలు మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించిందని 1994లో తేలిందంటే, వాళ్లు నెల్లూరు చేపల పులుసు ఎరుగనివాళ్లని తోసిపుచ్చుతాడు. ఈ తర్కానికి ఎదురు చెప్పగల శాస్త్రం ఇంకా పుట్టలేదు.

కాగా, రక్తహీనతతో పాలిపోయిన గర్భిణికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర ఎర్రకణాల పుట్టుకకు నేరుగా అక్కరకు వస్తుంది. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1940లలో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. కానీ దాని మీద మూలకణాల బొమ్మ లేదు, బంగారు రంగు మూత లేదు, అన్నిటికన్నా పెద్ద లోపం, ఉచితం. అటువంటి మందును నమ్మమని మర్యాదస్థులకు ఏ ముఖం పెట్టుకుని చెబుతాం?